ఆల్డర్ చెట్టు - బీద నేలలో పెరిగి నేలను బాగుచేసే చెట్టు



వార్షికోత్సవ సంచికకు అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా రాయమని అడిగారు. మేము ఈసారి ఒక చెట్టు గురించి రాస్తున్నాం. దాని పేరు ఆల్డర్. మన ఊళ్ళలో ఈ చెట్టును మీరెవరూ చూసి ఉండరు. దీనికి తెలుగులో పేరు కూడా లేదు. ఇది చలి ప్రాంతాల చెట్టు. హిమాలయాల్లో, యూరప్‌లో, అమెరికాలో పెరుగుతుంది. మన దగ్గర లేని చెట్టు గురించి మనకెందుకు అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా.

కారణం చెబుతాం. మన హాస్టల్లో చదివిన, చదువుతున్న వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఉన్నది ఎకరమో, ఎకరంన్నరో భూమి. అదీ చాలావరకు ప్రభుత్వం వారు అసైన్‌మెంటు కింద పట్టా ఇచ్చిన భూమి. గుట్ట వాలు, గరప నేల, రాళ్ళ చెలక, చవుడు. "ఆ నేల్లో ఏం పండుద్ది?" అనే మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కొందరి ఇళ్ళలో ఆ భూమి ఇప్పటికీ బీడుగానే ఉంది. ఆల్డర్ చెట్టు సరిగ్గా అలాంటి సారం లేని నేలలోనే పెరుగుతుంది. పెరిగి ఆ నేలకు సారం తెస్తుంది. ఆ పని ఎలా చేస్తుందో అర్థమైతే, మన నేలకు ఏ చెట్టు పెట్టాలో, ఎలా పెట్టాలో కూడా అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

ఆల్డర్ అంటే ఏమిటి?

పూర్వం రాతకు వాడిన భూర్జపత్రాల గురించి మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్నాం. ఆ భూర్జ చెట్టు, ఆల్డర్ చెట్టు ఒకే కుటుంబానికి చెందినవి. వృక్షశాస్త్రంలో ఆల్డర్‌ను ఆల్నస్ అనే ప్రజాతిగా చెబుతారు. ప్రపంచం మొత్తం మీద ఇందులో సుమారు 35 జాతులున్నాయి. మనం నాలుగింటిని గుర్తుపెట్టుకుంటే చాలు.

1. హిమాలయ ఆల్డర్: శాస్త్రీయ నామం ఆల్నస్ నెపాలెన్సిస్. నేపాలీ భాషలో ఉతిస్ అంటారు. హిమాలయాల పొడవునా, మన ఈశాన్య రాష్ట్రాల్లో, మయన్మార్‌లో, చైనాలోని యునాన్‌లో పెరుగుతుంది. సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల ఎత్తు వరకు కనిపిస్తుంది. బాగా పెరిగిన చెట్టు 30 మీటర్ల వరకు పోతుంది.

2. నల్ల ఆల్డర్: యూరప్‌లో వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగేది. దీని కొయ్య ఎప్పుడూ నీళ్ళలోనే మునిగి ఉంటే చాలా కాలం చెడిపోదు. ఇటలీలోని వెనిస్ నగరంలో భవనాల కింద దిగగొట్టిన కొయ్య గుంజల్లో ఆల్డర్ గుంజలు కూడా ఉన్నాయి.

3. ఎర్ర ఆల్డర్: ఉత్తర అమెరికా పడమటి తీరానికి చెందినది. 1956 నుంచి ఫెండర్ కంపెనీ వారు ఎలక్ట్రిక్ గిటార్ల తయారీకి ఈ కొయ్యను వాడుతున్నారు.

4. ఇటలీ ఆల్డర్: శాస్త్రీయ నామం ఆల్నస్ కార్డాటా. దక్షిణ ఇటలీ కొండలు, కోర్సికా దీవి దీని సొంత ఊరు. అందం కోసం పెంచే ఆల్డర్లలో దీనికి మంచి పేరుంది.

ఆల్డర్‌ను గుర్తుపట్టడం తేలిక. మగ పూలు జడకుచ్చుల్లా కొమ్మల చివర్ల నుంచి వేలాడతాయి. ఆడ పూలు చిన్నవి. అవి ముదిరాక గట్టి కొయ్యకాయలవుతాయి. మన సముద్ర తీరంలో సరుగుడు కాయ చూసినవాళ్ళకు ఈ కాయ ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు, ఇంచుమించు అలాగే ఉంటుంది. గాలే పుప్పొడిని మోస్తుంది, గాలే విత్తనాన్ని మోస్తుంది.

అందం కోసం పెంచే ఆల్డర్

ఇటలీ ఆల్డర్ ఆకులు హృదయాకారంలో, మెరుస్తూ ఉంటాయి. ఆకారంలో రావి ఆకును గుర్తుచేస్తాయి గానీ చివర ఆ పొడవాటి తోక ఉండదు. చెట్టు గోపురంలా కింద వెడల్పుగా, పైకి సన్నగా పెరుగుతుంది. చలికాలం చివర, ఆకులు రాకముందే, చెట్టు నిండా పసుపుపచ్చని కుచ్చులు వేలాడతాయి. మిగతా చెట్లు ఆకులు రాల్చేసిన తర్వాత కూడా ఇది కొన్నాళ్ళు పచ్చగానే ఉంటుంది. 25 మీటర్ల దాకా పెరుగుతుంది. ఆల్డర్లలో చాలావాటికి తడి నేల కావాలి. ఇది మాత్రం కొంత పొడి నేలను, సున్నపు నేలను, పట్టణాల దుమ్మూ పొగలనూ తట్టుకుంటుంది. అందుచేతనే యూరప్ దేశాల్లో రోడ్ల పక్కన, పార్కుల్లో, గాలి అడ్డుగా దీన్ని నాటుతారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ మంచి తోట మొక్కలకు ఇచ్చే గుర్తింపు దీనికి ఇచ్చింది.

ఇంత త్వరగా, ఇంత బీద నేలలో ఈ చెట్టు ఎలా పెరుగుతుంది? జవాబు వేర్లలో ఉంది.

వేర్లలో ఉన్న స్నేహితుడు

గాలిలో 78 శాతం నత్రజని ఉందని మనం హైస్కూల్లో చదువుకున్నాం. మొక్కకు ఆకు కట్టాలంటే నత్రజని కావాలి. చుట్టూ గాలిలో అంత నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. అందుకే మనం యూరియా కొని వేస్తున్నాం. ఫ్యాక్టరీలో ఆ గాలి నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి 400 డిగ్రీలకు పైబడిన వేడి, విపరీతమైన పీడనం కావాలి. అదే పనిని కొన్ని సూక్ష్మజీవులు మామూలు నేల వేడిమిలోనే చేసేస్తాయి.

వేరుశనగ మొక్కను పీకి చూస్తే వేర్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుంది. కంది, పెసర, మినుము, జనుము, జీలుగ అన్నింటిలోనూ అంతే. ఇది మనకు తెలిసిన విషయమే. ఆల్డర్ మాత్రం పప్పుజాతి చెట్టు కాదు. దాని వేర్లలో ఉండేది వేరే బ్యాక్టీరియా. దాని పేరు ఫ్రాంకియా. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ పేరు మీద 1886లో ఆ పేరు పెట్టారు. పేరు పెట్టిన తర్వాత 90 ఏళ్ళకు పైగా దాన్ని వేరు నుంచి విడదీసి ప్రయోగశాలలో పెంచడం సరిగా సాధ్యపడలేదు. 1978లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ పని సాధించారు.

ఈ ఫ్రాంకియా ఆల్డర్ వేర్లలో చేరి పగడపు గుత్తుల్లాంటి బుడిపెలు కట్టిస్తుంది. వేరుశనగ బుడిపెలు పంటతో పాటే పోతాయి. ఆల్డర్ బుడిపెలు ఏళ్ళ తరబడి ఉండి పెరుగుతూ పోతాయి. చెట్టు ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత బ్యాక్టీరియాకు ఇస్తుంది. బ్యాక్టీరియా గాలి నుంచి పట్టిన నత్రజనిని చెట్టుకు ఇస్తుంది. ఇద్దరూ బతుకుతారు.

ఎంత నత్రజని? ఎర్ర ఆల్డర్ తోటలు హెక్టారుకు ఏడాదికి సుమారు 50 నుంచి 200 కిలోల నత్రజని చేరుస్తాయని లెక్కలున్నాయి. మన లెక్కలో ఎకరానికి 20 నుంచి 80 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 46 శాతం, అనగా దాదాపు 21 కిలోల నత్రజని. కాబట్టి ఎకరానికి ఒక బస్తా నుంచి నాలుగు బస్తాల యూరియాతో సమానం. డబ్బు పెట్టకుండా, ఏటేటా.

ఇంకొక ముఖ్యమైన విషయం గమనించాలి. చాలా చెట్లు ఆకు రాల్చే ముందు అందులోని నత్రజనిని వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుంటాయి. అందుకే ఆకు పండిపోయి రాలుతుంది. ఆల్డర్‌కు నత్రజని కరువు లేదు గనుక చాలావరకు పచ్చి ఆకునే రాల్చేస్తుంది. ఆ ఆకు త్వరగా కుళ్ళి, కింద ఉన్న మొక్కలకు ఎరువవుతుంది. కొండచరియలు విరిగిపడిన చోట, కొత్తగా తవ్విపోసిన రోడ్ల పక్కన హిమాలయ ఆల్డర్ ముందుగా మొలుస్తుంది. అది నేలను సిద్ధం చేశాక మిగతా చెట్లు వస్తాయి.

పెంచే విధానం

హిమాలయ రాష్ట్రాల్లో, ఇతర చలి ప్రాంతాల్లో ఆల్డర్‌ను ఎలా పెంచుతారో వరుసగా చెబుతాం. చలి రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు, సైన్యంలో ఉన్నవాళ్ళు దీన్ని నేరుగా వాడుకోవచ్చు. మిగతావాళ్ళు పద్ధతి గమనించండి.

విత్తన సేకరణ: హిమాలయ ఆల్డర్ శరదృతువులో పూస్తుంది. కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. చలికాలంలో కాయలు గోధుమ రంగుకు తిరిగి, ఇంకా నోరు విప్పకముందే కోయాలి. గుడ్డ మీద పరిచి కొద్దిరోజులు ఎండబెడితే విచ్చుకుంటాయి. దులిపితే విత్తనం రాలుతుంది. విత్తనం చాలా చిన్నది, రెక్కలున్నది. కిలోకు లక్షల్లో ఉంటాయి. ఎక్కువ కాలం నిలవ ఉంచితే మొలక శక్తి తగ్గిపోతుంది. చల్లగా, పొడిగా దాచి ఆ ఏడాదే వాడుకోవడం మంచిది. యూరప్ జాతుల విత్తనాన్ని చల్దేటి ముందు కొన్ని వారాలు తడి ఇసుకలో కలిపి చల్లని చోట ఉంచితే మొలక బాగా వస్తుంది.

నారుమడి: మెత్తని మట్టి, ఇసుక, చివికిన ఆకు ఎరువు కలిపి మడి కట్టాలి. విత్తనాన్ని లోతుగా వేయకూడదు. పైన చల్లి, సన్నని ఇసుక పలచగా జల్లితే చాలు. మొలవడానికి దానికి వెలుతురు కావాలి. బిందెతో నీళ్ళు గుమ్మరిస్తే విత్తనం కొట్టుకుపోతుంది. సన్నని రోజ్ డబ్బాతో చల్లాలి. లేత మొలకలకు ఎర్రటి ఎండ తగలకుండా పైన గడ్డి పందిరి వేయాలి.

తల్లి చెట్టు కింది మట్టి: అన్నింటిలోకి ముఖ్యమైన పని ఇది. ఆల్డర్ ఇదివరకు లేని చోట నారు పోస్తుంటే, పెద్ద ఆల్డర్ చెట్టు కింద నుంచి కొంత మట్టి తెచ్చి మడిలో కలపాలి. లేదా ఆ వేరు బుడిపెలు నాలుగు తెచ్చి, నూరి, నీళ్ళలో కలిపి పోయాలి. ఫ్రాంకియా ఆ మట్టిలోనే ఉంటుంది. ఆ మట్టి అందని నారు బీద నేలలో పసుపుపచ్చగా, గిడసబారి ఉంటుంది. ఆ మట్టి అందిన నారు బుడిపెలు కట్టి, ఆకు పచ్చబడి, జోరందుకుంటుంది.

సంచుల్లోకి మార్చడం: రెండు మూడు జతల ఆకులు వచ్చాక మొలకలను జాగ్రత్తగా తీసి పాలిథిన్ సంచుల్లోకి మార్చాలి. వేరు ఎండకు ఆరకూడదు.

నాటడం: మొక్క అడుగు ఎత్తు వచ్చాక, వానలు పడి నేల నానిన తర్వాత నాటాలి. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత సరిపోతుంది. వంట చెరకు కోసమైతే రెండు, రెండున్నర మీటర్ల దూరంలో నాటవచ్చు. నీడ కోసం, అందం కోసమైతే దూరం పెంచాలి. ఇటలీ ఆల్డర్ పెద్ద చెట్టవుతుంది గనుక ఇంటి గోడలకు, నీటి పైపులకు దూరంగా పెట్టాలి. పెద్ద చెట్ల నీడలో ఏ ఆల్డర్‌నూ పెట్టకూడదు. దానికి నిండా ఎండ కావాలి.

సంరక్షణ: మొదటి రెండు మూడేళ్ళు చుట్టూ కలుపు తీయాలి, పశువులు తొక్కకుండా కంచె వేయాలి. మొదట్లో నీటి ఎద్దడి రాకుండా చూడాలి. నచ్చిన చోట హిమాలయ ఆల్డర్ ఏడాదికి మీటరు నుంచి రెండు మీటర్లు పెరుగుతుంది.

ఖోనోమా రైతుల పద్ధతి

నాగాలాండ్ రాజధాని కోహిమాకు 20 కిలోమీటర్ల దూరంలో ఖోనోమా అనే ఊరుంది. అక్కడివారు అంగామీ నాగాలు. 1879లో బ్రిటిషు సైన్యాన్ని ఎదిరించి నిలబడిన ఊరది. 1998లో వేటను మానుకుని, ఊరి అడవిని తామే సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్న ఊరు కూడా అదే.

వాళ్ళదంతా కొండ వాలు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో లాగానే పోడు చేస్తారు. పోడులో ఉన్న చిక్కు మనకు తెలిసిందే. రెండేళ్ళు పండించేసరికి నేల సారం పోతుంది. మళ్ళీ సారం రావాలంటే పదేళ్ళో అంతకన్నా ఎక్కువో వదిలిపెట్టాలి. జనం పెరిగాక అంతకాలం వదిలే వీలుండదు. ఖోనోమా రైతులు పూర్వం నుంచీ దీనికి ఆల్డర్‌తో జవాబు చెప్పుకున్నారు.

పొలంలో ఆల్డర్ చెట్లను వేర్లతో తీసేయరు. పంట పెట్టే ముందు మొండాన్ని నేల నుంచి మనిషి నడుము ఎత్తులోనో, తల ఎత్తులోనో ఉంచి పై కొమ్మలు నరుకుతారు. నరికిన చోట ఎండి చీలిపోకుండా మట్టి మెత్తి, పైన రాతి పలక పెడతారు. లావు కొమ్మలు వంట చెరకుకు పోతాయి. ఆకు, రెమ్మ పొలంలోనే కాల్చి బూడిద చల్లుతారు. తర్వాత వరి, మొక్కజొన్న, చిరుధాన్యాలు, ఆలుగడ్డ, మిరప పండిస్తారు. వేరు బతికే ఉంటుంది గనుక కొండ మట్టి జారిపోదు, నేలకు నత్రజని అందుతూనే ఉంటుంది. పొలాన్ని వదిలిపెట్టే కాలంలో మొండెం నుంచి వచ్చిన చిగుళ్ళలో బలమైన నాలుగైదు ఉంచి మిగతావి తీసేస్తారు. అవి చెట్టవుతాయి. రెండేళ్ళు పంట, మళ్ళీ కొద్ది ఏళ్ళు విశ్రాంతి, మళ్ళీ పంట. వందేళ్ళు దాటిన ఆల్డర్ మొండేలు కూడా అక్కడ ఇంకా చిగురిస్తున్నాయి.

సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో ఇదే చెట్టు నీడన పెద్ద ఏలకులు పండిస్తారు. ఏలకికి నీడ కావాలి, తేమ కావాలి, ఎరువు కావాలి. మూడూ ఉతిస్ చెట్టే ఇస్తుంది. ఏలకులను ఎండబెట్టే పొయ్యికి కట్టె కూడా అదే.

ఈ రైతుల్లో ఎవరూ ఫ్రాంకియా పేరు విని ఈ పద్ధతి మొదలుపెట్టలేదు. ఏ చెట్టు కింద పంట బాగుందో చూసి, ఆ చెట్టును నిలుపుకున్నారు. మన అమ్మానాన్నల దగ్గర కూడా అలాంటి జ్ఞానం చాలా ఉంది. చదువుకున్నాం గదా అని మనం వాళ్ళను అడగడం మానకూడదు.

ఆల్డర్‌తో జాగ్రత్తలు

ఏ చెట్టయినా అన్నిచోట్లా మంచిది కాదు. హిమాలయ ఆల్డర్ తీవ్రమైన వేసవినీ, పెద్ద గాలినీ తట్టుకోలేదు. దాని వేర్లు మరీ లోతుకు పోవు. దాని కొయ్య ఎండకూ వానకూ మార్చి మార్చి తగిలితే త్వరగా చివికిపోతుంది. యూరప్‌లో వసంతకాలానికి ముందే ఆల్డర్ పుప్పొడి వల్ల చాలామందికి తుమ్ములు, అలర్జీ వస్తాయి. 1993లో బ్రిటన్‌లో ఆల్డర్‌కు వేరు కుళ్ళు తెగులును గుర్తించారు. ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆ తెగులు నీటి ద్వారా పాకి, యూరప్ నదుల ఒడ్డున చాలా నల్ల ఆల్డర్లను చంపింది.

మన తెలుగు నేలలో, 40 డిగ్రీలు దాటే ఎండల్లో, ఆల్డర్ మొక్క తెచ్చి నాటమని మేము చెప్పడం లేదు. మనకు కావలసింది ఆల్డర్ చేసే పని. ఆ పని చేసే చెట్లు మన దగ్గరే ఉన్నాయి.

మన నేలకు ఏ చెట్టు?

ఇసుక నేలకు సరుగుడు: ఇది అచ్చంగా ఆల్డర్‌కు వేరు చుట్టం. దీని వేర్లలో ఉండేది కూడా ఫ్రాంకియానే. సర్వి అన్నా, చవుకు అన్నా ఇదే. ఇది కూడా మన ప్రాంతపు చెట్టు కాదు. 1860ల్లో కర్ణాటక తీరంలోని కార్వార్‌లో మొదట నాటారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంబడి గాలి అడ్డుగా సరుగుడు తోటలు పెంచారు. ఏమీ పండని ఇసుక దిబ్బల్లో నాలుగైదేళ్ళలో కోతకొచ్చి గుంజలకు, కాగితపు మిల్లులకు పోతుంది. నీళ్ళు నిలిచే బరువు నేలలకు పనికిరాదు.

ఎర్ర నేలకు, గరపకు కానుగ, గిరిపుష్పం: కానుగ మన సొంత చెట్టు. ఎండకు తట్టుకుంటుంది, కొంత చవుడుకూ తట్టుకుంటుంది. మేకలు దాన్ని అంతగా ముట్టవు. ఆకు పచ్చిరొట్ట ఎరువు. నీడ చల్లన, పూలు అందం. గిరిపుష్పం కొమ్మ విరిచి గట్టు మీద పాతినా బతుకుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పొలం గట్ల మీద గిరిపుష్పం పెంచి, ఆకు కోసి పొలంలో వేయమని మెట్ట రైతులకు చెబుతూ వచ్చారు.

నల్లరేగడి గట్లకు నల్ల తుమ్మ: ఇదీ నత్రజని పట్టే చెట్టే. కాయ మేకలకు మేత, కొయ్య నాగళ్ళకు, బండ్లకు.

ఇక్కడ ఒక తప్పుడు అభిప్రాయం తొలగించుకోవాలి. చిక్కుడులా పొడవాటి కాయ కాసే చెట్లన్నీ నత్రజని పట్టవు. చింత, రేల, గుల్‌మొహర్ ఆ కుటుంబానివే అయినా వాటి వేర్లకు బుడిపెలు ఉండవు. అవి మంచి చెట్లే, కానీ ఈ పని చేయవు.

అలాగే త్వరగా పెరిగేది, దేనికైనా తట్టుకునేది అనగానే మోజుపడకూడదు. సర్కారు తుమ్మ త్వరగా పెరుగుతుంది, నత్రజని కూడా పట్టుకుంటుంది. కానీ పొలాన్నే మింగేస్తుంది. రోడ్ల మధ్యన అందంగా, పచ్చగా ఉంటుందని కోనోకార్పస్‌ను నాటారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడం నిషేధించింది. చెట్టును ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. ఈ నేలకు సరిపోతుందా? నేలకు ఏమిస్తుంది? వద్దనుకుంటే ఆగుతుందా?

ఏ చెట్టయినా, ఆల్డర్ పాఠం మాత్రం మరవకండి. సరుగుడు నారు పోస్తుంటే పాత సరుగుడు తోట మట్టి ఒక తట్ట కలపండి. కానుగ మొక్క పెడుతుంటే పెద్ద కానుగ చెట్టు మొదట్లోని మట్టి రెండు దోసిళ్ళు గుంతలో వేయండి. ఖర్చు లేని పని.

తమ్ముళ్ళు చేసి చూడవలసిన పని

వానాకాలంలో పక్క చేలో రైతును అడిగి, 45 రోజుల వేరుశనగ మొక్క ఒకటి వేరు తెగకుండా తవ్వి తీయండి. మట్టి కడిగి బుడిపెలు లెక్కపెట్టండి. ఒకదాన్ని బ్లేడుతో కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్లు. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయడం లేదన్నమాట. అలాగే కానుగ మొక్క వేరు ఒకటి, చింత మొక్క వేరు ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. పుస్తకంలో నాలుగు పేజీల పాఠం ఐదు నిమిషాల్లో కళ్ళకు కనిపిస్తుంది.

ఒక ప్రతిపాదన

మన హాస్టల్ ఆవరణలో ఏటా వానాకాలంలో మొక్కలు నాటుతున్నాం. ఫొటోలు కూడా దిగుతున్నాం. ఏప్రిల్ చివర పరీక్షలయ్యాక పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోతారు. జూన్‌లో తిరిగి వచ్చేసరికి సగం మొక్కలు ఎండిపోయి ఉంటాయి. వేసవి సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు. ఇది ఎవరి తప్పూ కాదు. ఎవరి పనీ కాకపోవడమే కారణం.

కాబట్టి ఈ ఏడాది ఇలా చేద్దామని పూర్వ విద్యార్థుల తరఫున మేము ప్రతిపాదిస్తున్నాం. వంద మొక్కలు వద్దు, ఇరవై కానుగ మొక్కలు చాలు. ప్రతి గుంతలో తల్లి చెట్టు మట్టి వేద్దాం. ప్రతి మొక్క పక్కన అడుగున చిన్న రంధ్రం చేసి, గుడ్డ పీలిక దూర్చిన పాత కుండను మెడ దాకా పాతిపెడదాం. కుండ నింపితే తడి కొన్ని రోజులు ఆగుతుంది. మొదట్లో ఎండుటాకు, గడ్డి పరుద్దాం. చదువు రోజుల్లో ఒక్కో మొక్క ఇద్దరు తమ్ముళ్ళది. సెలవుల్లో కుండ నింపే పని ఈ ఊళ్ళో ఉంటున్న పూర్వ విద్యార్థులది. వారానికి రెండుసార్లు, వంతుల వారీగా. మూడు వేసవులు దాటిస్తే తర్వాత కానుగ మన సాయం అడగదు.

ఈ హాస్టల్‌కు వచ్చిన రోజున మనలో చాలామందికి ఇక్కడ ఎవరూ తెలియదు. ముందు చేరిన అన్నలు పక్కన చోటిచ్చారు, పాత పుస్తకాలిచ్చారు. మొక్క పక్కన తల్లి చెట్టు మట్టి వేయడమంటే అలాంటి పనే అనుకుంటున్నాం. ఎండాకాలం నీళ్ళ బాధ్యత తీసుకోగల పూర్వ విద్యార్థులు వార్షికోత్సవం రోజున తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. ఇంటి దగ్గర బీడుపడిన భూమి ఉన్న తమ్ముళ్ళు ఈ సెలవుల్లో ఆ నేల ఏ రకమో చూసి, గట్టు మీద పెట్టడానికి ఒక చెట్టును ఎంచుకుని రండి. విత్తనం, మట్టి ఎక్కడ దొరుకుతాయో కలిసి వెతుకుదాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థుల బృందం